లెమెల్ గారికి ఒక తప్పు కావాలి

హజ్జాన్‌ని వదిలించుకోవాలంటే తిట్టకూడదు, పొగడాలి. ఓహయో నది పొడుగునా ఊరికొకటిగా వెలసిన యూదు సంఘాల పెద్దలందరికీ తెలిసిన రహస్యమిది. అందరికీ తెలిశాక రహస్యమెలా అయిందంటారా? ఆ సంగతి తనకొక్కదానికే తెలుసని ప్రతి సంఘమూ అనుకునేది మరి.

హజ్జాన్ అంటే సినగాగ్‌లో, అదే యూదుల ప్రార్థనాలయంలో, నిలబడి ప్రార్థన పాడేవాడు. పాత దేశంలో అయితే ఆ పని చేస్తే చాలు. అమెరికాలో చిన్న ఊళ్ళలో మనుషులు తక్కువ, పనులెక్కువ. అందుకని ఆ ఒక్క మనిషే శాస్త్రప్రకారం కోళ్ళు కోయాలి, పిల్లలకు హీబ్రూ నేర్పాలి, కొత్త సంవత్సరం పండక్కి పొట్టేలు కొమ్ము ఊదాలి, బతికున్నవాళ్ళకు పెళ్ళిళ్ళు చేయాలి, పోయినవాళ్ళను సాగనంపాలి, చలికాలంలో సినగాగ్ పొయ్యి రాజేయాలి. ఇన్ని పనులు నెత్తినేసుకున్నవాడు ఏదో ఒకటి చెడగొట్టక మానడు. చెడగొట్టాడని తీసెయ్యడానికా వీల్లేదు. మరో సంఘం పిలిస్తే తప్ప హజ్జాన్ ఒప్పందం తెగదని నియమావళి. మరో సంఘం ఊరికే ఎందుకు పిలుస్తుంది? కాబట్టి పొగడ్త పుట్టింది.

హార్లన్‌ఫెర్రీ సంఘానికి ‘శాంతి నిలయం’ అని పేరు. ఆ పేరు ఖాయం చేసిన సభలోనే రెండు కుర్చీలు విరిగాయి. ఆ సంఘానికి కార్యదర్శి అన్షెల్ వైల్‌హైమ్. రేవు వీధిలో బూట్ల కొట్టు ఆయనది. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని ఆయనకి కార్యదర్శి పదవి కట్టబెట్టారు. ఉత్తరంలో ఏముండాలో చెప్పేది మాత్రం అధ్యక్షుడు మాయెర్ ఓటెన్‌హోఫ్. ఆయనకు టోపీల దుకాణం ఉంది. సభ సభకీ ఓ కొత్త టోపీ పెట్టుకొచ్చేవాడు. టోపీ ఎత్తు పెరిగిన కొద్దీ మాట తీరు కూడా పెరిగేది.

అంతర్యుద్ధం ముగిసిన కొత్తలో ఆ సంఘం గుంపెల్ అనే హజ్జాన్‌ని మెల్బీ ఊరికి సాగనంపింది. పడవలో దిగువకి ఒక పగటి ప్రయాణం మెల్బీ. గుంపెల్ గొంతెత్తితే రేవులో కట్టేసిన గాడిదలు బదులు పలికేవి. ఆయన గురించి ఓటెన్‌హోఫ్ గారు చెప్పగా అన్షెల్ రాసిన వాక్యం ఇదీ: “ఈ మహనీయుని గళమాధుర్యమునకు స్వర్గద్వారములు తమంత తామే తెరచుకొనునని విన్నవించుటకు సంతసించుచున్నాము.” మెల్బీ వాళ్ళు పొంగిపోయి పిలిచారు. స్వర్గద్వారాల సంగతేమోగాని సినగాగ్ ద్వారంలోంచి మాత్రం జనం తమంత తామే బయటికి నడిచారట. మూడేళ్ళు భరించి, అంతకు రెట్టింపు పొగిడి, వాళ్ళూ ఆయన్ని ఇంకో ఊరికి అంటగట్టారు.

ఇలా చెడ్డ హజ్జాన్లు ఊరూరా తిరుగుతూ, ఊరూరికీ బిరుదులు పెంచుకుంటూ ఉంటే, మోసపోయిన సంఘాలన్నీ ఒకచోట చేరాయి. అన్నీ మోసపోయినవే, అన్నీ మోసం చేసినవే గనక ఎవరూ ఎవర్నీ వేలెత్తి చూపలేదు. ‘నదీలోయ సంఘాల సంయుక్త పరిషత్తు’ అని ఒకటి పెట్టుకున్నారు. పరిషత్తు ‘ప్రశంసా ప్రమాణ నిర్ణాయక ఉపసంఘా’న్ని వేసింది. ఆ ఉపసంఘం పొగడ్తలకు అసలు విలువలు కట్టి పట్టిక అచ్చేయించి పంపింది. ‘మధుర కంఠం’ అంటే గొంతు ఉందని అర్థం. ‘మహా విద్వాంసుడు’ అంటే చదవడం వచ్చు. ‘మద్యమంటే ఎరుగడు’ అంటే పొద్దున్నపూట ఎరుగడు.

పట్టిక చేతికొచ్చాక పెద్దలు ఊరుకుంటారా? పొగడ్తలోంచి తీసేసేదెంతో తెలిసింది గనక అంత ముందే కలిపి రాయడం మొదలెట్టారు. దాంతో పరిషత్తు ఇంకో తీర్మానం చేసింది: తప్పు ఒక్కటీ చూపని యోగ్యతాపత్రం చెల్లదు. వెంటనే ఉత్తరాల్లో ‘ఈయనకున్న ఏకైక లోపము మితిమీరిన వినయము’ లాంటివి వచ్చాయి. పరిషత్తుకి ఒళ్ళు మండింది. చూపిన తప్పు నిజమైనదై ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, సంఘం సభలో చదివి మినిట్స్‌లో ఎక్కించాలి అని శాసించింది. ఇక మోసానికి దారి మూసుకుపోయిందని అందరూ సంతోషించారు.

మూసుకుపోయిన ఆ దారిలో మొదట చిక్కుకున్నవాడు లెమెల్ కోష్మిన్.

గుంపెల్ మెల్బీకి వెళ్ళాక హార్లన్‌ఫెర్రీకి వచ్చిన హజ్జాన్ లెమెల్. పాత దేశంలో పోసెన్ ప్రాంతం వాడు. సన్నగా, పొడుగ్గా, కాస్త వంగి నడుస్తాడు. అతను పాడితే గాడిదలు ఊరుకునేవి, మనుషులు మేలుకునేవాళ్ళు. అన్షెల్ తండ్రి పోయిన ఏడాది చలి ఎముకలు కొరికింది. పోయినవాళ్ళకోసం చదివే ప్రార్థనకు పదిమంది మగవాళ్ళు కూడాలి. ఆ మంచులో పక్క వదిలి ఎవరొస్తారు? లెమెల్ రోజూ తెల్లవారకముందే ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి, బతిమాలి, పదిమందినీ లేపుకొచ్చేవాడు. ఏడాది పొడుగునా అన్షెల్ తండ్రికి ఒక్క పూట కూడా ప్రార్థన తప్పలేదు. అన్షెల్ దాన్ని మర్చిపోలేదు. మర్చిపోయే మనిషి కాదు.

లెమెల్ భార్య బ్రైనా మెల్బీలో ఉంటోంది. ఆమె అక్క హఠాత్తుగా పోయి ఇద్దరు పసిపిల్లల్నీ ఒక రొట్టెల కొట్టునీ వదిలేసింది. చూసేవాళ్ళు లేక బ్రైనా వెళ్ళింది, ఇక రాలేకపోయింది. లెమెల్ వెళ్దామంటే ఆ కొట్టు ఇంకో నోటికి చాలదు, అతను పిండి పిసికితే రొట్టె ఇటుకయ్యేది. రెండేళ్ళుగా తీరికైనప్పుడల్లా పడవెక్కి వెళ్ళి చూసి వస్తున్నాడు. ఆ శరదృతువులో మెల్బీ సంఘం హజ్జాన్ కావాలని ప్రకటించింది. బ్రైనాకు అప్పుడు నెలలు నిండుతున్నాయి.

లెమెల్ బూట్ల కొట్టుకొచ్చి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“అన్షెల్ గారూ, మెల్బీకి నా గురించి ఒక ముక్క రాసి పెట్టాలండీ. నది గడ్డకడితే పడవలాగిపోతాయి. మళ్ళీ వసంతం దాకా కదలవు. కాన్పు మాత్రం వసంతం దాకా ఆగదు కదండీ.”

“ఒక ముక్కేమిటి లెమెల్ గారూ, నాలుగు పేజీలు రాస్తాను. మీ గురించి రాయడానికి ఆలోచించాలా?” అన్నాడు అన్షెల్. ఆలోచించాల్సి వస్తుందని పాపం అతనికప్పటికి తెలీదు.

సంఘం సభలో అన్షెల్ ఉత్తరం చదివాడు. ఉన్నదున్నట్టు రాశాడు. ఓటెన్‌హోఫ్ గారు వెడల్పు అంచు నల్లటోపీలోంచి అంతా విని, “బావుంది. తప్పేదీ?” అన్నాడు.

“తప్పు లేదండీ.”

“లేకపోతే పత్రం చెల్లదు కదా. పరిషత్తు వారి తీర్మానం చూశారుగా.”

“ఆయనలో తప్పే లేకపోతే ఏం రాయమంటారండీ?”

“తప్పు లేని మనిషుంటాడా? వెతకలేదంటే కార్యదర్శి అలసత్వమనుకోవాలి” అని, ఓటెన్‌హోఫ్ గారు అక్కడికక్కడే ‘దోషాన్వేషణ సంఘా’న్ని నియమించాడు. తనే అధ్యక్షుడు. సభ్యుడు ఫైవెల్, గడ్డం మాత్రమే చూసి సభ్యత్వమిచ్చిన మనిషి. రాయడానికి అన్షెల్.

మొదటి సాక్షిగా ఫ్రాడెల్ అనే విధవరాలిని పిలిచారు. కోడి లేని శుక్రవారం ఆ ఇంట్లో ఉండదు.

“అమ్మా, లెమెల్ గారి వలన తమకేమైనా కష్టనష్టములు సంభవించినవా?” అన్నాడు ఓటెన్‌హోఫ్.

“ఆయన వల్ల కష్టమా? అలా అంటే నా నోరు పడిపోదూ! కత్తి అంచు గోటి మీద నడిపి చూసుకుంటే గాని కోడి మీద చెయ్యి వెయ్యడు బాబూ. ఆ కోడికి చచ్చిపోయినట్టు కూడా తెలీదు.”

“అలా నడిపి చూసుకొనుటలో ఆలస్యమగును కదా?” ఓటెన్‌హోఫ్ గొంతులో ఆశ మెదిలింది. “ఆ ఆలస్యము వలన మీ పొయ్యి చల్లారిపోవుట, ఇత్యాదులు?”

“చల్లారితే ఆయనే కూచుని రాజేసి పోతాడు.”

ఓటెన్‌హోఫ్ నిట్టూర్చాడు. “అది వ్రాయకండి” అన్నాడు అన్షెల్‌తో.

తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. పిల్లల్ని కొడతాడేమోనంటే కొట్టడన్నారు. ప్రార్థన త్వరగా ముగిస్తాడేమోనంటే ముగించడన్నారు. పోనీ ఆలస్యం చేస్తాడా అంటే అదీ లేదన్నారు. సాయంత్రానికి అన్వేషణ సంఘం చెమటోడ్చింది, తప్పు మాత్రం దొరకలేదు. చివరికి దోషినే పిలిపించారు.

“లెమెల్ గారూ, మీ మేలు కోసమే సంఘం ఇంత శ్రమపడుతోంది. మీరు సహకరించాలి” అన్నాడు ఓటెన్‌హోఫ్.

“ఏం చెయ్యమంటారండీ?”

“ఒక తప్పు చెయ్యండి. మరీ పెద్దదక్కర్లేదు.”

“చేసేముందు కబురు పెట్టండి,” అన్నాడు ఫైవెల్. “సాక్షులు రావాలి కదా.”

లెమెల్ అన్షెల్ వైపు చూశాడు. అన్షెల్ తల దించుకుని పెన్ను పాళీ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

పాపం లెమెల్ ప్రయత్నించలేదనడానికి లేదు. ముందుగా చెప్పి మరీ ఒక శనివారం సబ్బాతు పొద్దున ప్రార్థన తప్పు స్వరంలో పాడబోయాడు. ముందు వరసలో సాక్షులిద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. పాడుతూండగా అతనికి బ్రైనా గుర్తొచ్చింది కాబోలు, గొంతు జీరబోయింది, స్వరం విరిగి ఎక్కడికో పోయింది. ఆడవాళ్ళు కూర్చునే మేడ మీంచి వెక్కిళ్ళు వినిపించాయి. ఫైవెల్ గడ్డమంతా తడిసిపోయింది.

“జన్మలో ఇలాంటి పాట వినలేదయ్యా” అన్నాడతను బయటికొచ్చాక.

“మరి సాక్ష్యమో?” అన్నాడు అన్షెల్.

“దేనికి సాక్ష్యం? ఇంత బాగా పాడినందుకా?”

ఇక మిగిలింది మద్యం. రేవు దగ్గరి సారా కొట్లో ఒక బల్ల దగ్గర లెమెల్ కూర్చుంటే, పక్క బల్ల దగ్గర సాక్షులు కూర్చున్నారు. ఊరికే కూర్చుంటే కొట్టువాడు ఊరుకోడు గనక వాళ్ళూ చెరో గ్లాసు తెప్పించుకున్నారు. లెమెల్ ఒక్క గ్లాసు తాగేసరికి మొహం కందిపోయింది. లేచి నిలబడి, కొట్లో ఉన్నవాళ్ళందర్నీ తన తప్పులు క్షమించమని ఒక్కొక్కరినే వేడుకోవడం మొదలెట్టాడు. యూదులు ప్రాయశ్చిత్త దినానికి ముందు చేసే పనే అది. సారా కొట్లో మాత్రం ఎవరూ ఎప్పుడూ చూసుండరు. ఆస్తి తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు ఐరిష్ అన్నదమ్ములు ఆ మాటలు విని భోరుమని ఒకర్నొకరు కావలించుకున్నారు. ఆ సందట్లో ఫైవెల్ గ్లాసు మీద గ్లాసు పట్టించి బల్ల కిందికి జారిపోయాడు. సాక్షిని దోషి భుజాన వేసుకుని ఇల్లు చేర్చాడు.

మర్నాటి సభలో ఓటెన్‌హోఫ్ గారు ఎత్తైన పట్టు టోపీతో వచ్చాడు. ఏదో నిర్ణయించుకునే వచ్చాడని అన్షెల్‌కి టోపీ చూడగానే తెలిసింది.

“తప్పు దొరికినది. సంఘము తప్పు చేయుమని ఆదేశించినది. సదరు లెమెల్ గారు రెండుసార్లు అవకాశమిచ్చినను తప్పు సమర్పించుటలో విఫలులైనారు. ఇది అవిధేయత గాక మరేమి? వ్రాయండి.”

అన్షెల్ రాశాడు. రాస్తున్నంతసేపూ అతనికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఎలాగైతేనేం, పత్రం నిబంధన ప్రకారం తయారైంది కదా అని పడవకి పంపాడు.

మెల్బీ అధ్యక్షుడు సైమన్ ట్రౌబ్ నుంచి జవాబు వారం తిరక్కుండా వచ్చింది. “మ.రా.రా.శ్రీ హార్లన్‌ఫెర్రీ సంఘాధ్యక్షుల వారి సముఖమునకు. తమరి పత్రము చేరినది. తాగుబోతునైనను సహింపవచ్చును. గళము లేనివానిని సహించితిమి, ఆ గుంపెల్ గారిని దయచేసినది తామేనని మేము మరువలేదు. అవిధేయుని మాత్రము సహింపజాలము. పైగా ఇతర విషయములలో అంత మంచివాడైనచో తామేల వదులుకొందురు? ఈ ప్రశ్నకు మా సంఘములో ఎవ్వరికిని సమాధానము తోచలేదు. ఇట్లు, తమ విధేయుడు.”

స్వర్గద్వారాల వాక్యం రాసిన చెయ్యి తనదే. అది అన్షెల్‌కి గుర్తొచ్చింది. అబద్ధానికి పెట్టిన సంతకమే ఇప్పుడు నిజం కింద పెడితే ఎవరు నమ్ముతారు?

నది అంచుల్లో అప్పటికే అద్దంలా పలచటి మంచు పేరుకుంటోంది. బ్రైనా దగ్గర్నుంచి లెమెల్‌కి కబురొచ్చింది. కాళ్ళు వాచాయిట, పిల్లలిద్దరికీ దగ్గు పట్టుకుందిట, మంత్రసాని మొదటి కాన్పు కష్టం కావొచ్చంటోందిట. లెమెల్ ఆ మాటలు అన్షెల్‌కి మామూలుగానే చెప్పాడు. చెప్పి, ఎప్పట్లాగే సినగాగ్ పొయ్యి రాజెయ్యడానికి వెళ్ళాడు. అన్షెల్‌కి తన మీద తనకే అసహ్యం పుట్టింది. తన తండ్రికోసం ఇల్లిల్లూ తిరిగినవాడికి ఒక్క ఉత్తరం రాసిపెట్టలేని కార్యదర్శిగిరీ ఎందుకు?

ఆ మధ్యాహ్నమే కొట్టుకి ఒక రైతు భార్య వచ్చింది. బేరమాడి బేరమాడి ఏ జతా నచ్చక, పై అరలో ఉన్న బూట్లు చూపించి “అవి తియ్యి” అంది.

“అవొద్దమ్మా. మడమ దగ్గర కుట్టు బాలేదు. అందుకే పక్కన పెట్టాను” అన్నాడు అన్షెల్. నిజంగానే బాలేదు.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. “నాకు తెలీదనుకున్నావా? మంచివి గనక ఎవరికోసమో దాచావు. అవే కావాలి.” అడిగినంతా ఇచ్చి, కుట్టు ఊడిన బూట్లు గుండెలకదుముకుని వెళ్ళిపోయింది.

అన్షెల్ తలుపు వైపే చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కొట్టు కట్టేసి ఇంటికెళ్ళి పెన్ను తీశాడు.

ఆ ఉత్తరంలో ఒక్క అబద్ధం కూడా లేదు. అదే అతనికి తర్వాత్తర్వాత ఎక్కువ బాధ కలిగించింది. “లెమెల్ కోష్మిన్ అను మా హజ్జాన్‌ను తాము పిలిచినను పంపజాలము. ఈయన దోషములివి: సారాయంగడిలో తాగి, ముక్కు మొగము తెలియనివారిని పట్టుకొని విలపించినాడు. ప్రార్థనాలయములో పెద్ద మనుషులను సైతము ఏడిపించినాడు. గృహిణుల వంటిళ్ళలో జొరబడి పొయ్యిలలో చేతులు పెట్టును. శీతకాలమున తెల్లవారకమునుపే గౌరవనీయులైన గృహస్థుల తలుపులు బాది నిద్రాభంగము కావించినాడు. ఇట్టివానిని ఇంకొక సంఘముపై రుద్దుట పాపము గనుక, మేమే భరించుటకు నిశ్చయించినాము.”

ఓటెన్‌హోఫ్ గారు విని, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన టోపీ తియ్యడం అన్షెల్ ఎన్నడూ చూడలేదు.

“ఇన్ని తప్పులున్నాయా? మరి విచారణలో ఎందుకు బయటపడలేదు?”

“ఒక్కొక్కటీ జరిగినప్పుడు మనం అక్కడే ఉన్నామండీ. తప్పని తోచలేదు.”

“నా తలుపు కూడా బాదాడు” అన్నాడు ఫైవెల్ ఆలోచిస్తూ. “ఆ నెలలో నాకు పడిశం పట్టింది కూడాను.” సంతకం పెట్టాడు. ఓటెన్‌హోఫూ పెట్టాడు. నియమం ప్రకారం తప్పులన్నిటినీ సభలో అందరి ముందూ గట్టిగా చదివి మినిట్స్‌లో ఎక్కించారు.

మెల్బీ వాళ్ళు ఈసారి ఉత్తరం రాయలేదు, తంతి కొట్టారు. “తిట్లు చదివాము. ఇంతగా తిట్టి దాచుకొనునది రత్నమే. వెంటనే పంపుడు. పంపనిచో పరిషత్తుకు ఫిర్యాదు.”

అన్షెల్ తంతి కాగితం పట్టుకుని సినగాగ్‌కి పరుగెత్తాడు. లెమెల్ చేతిలో కట్టెలు కింద పెట్టి, అది రెండుసార్లు చదువుకుని, పొయ్యి దగ్గర బెంచీ మీద కూలబడి నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. అన్షెల్ కూడా ఏడ్చాడు. గెలిచామనే అనుకున్నారు ఇద్దరూ.

ఊళ్ళో మాత్రం సభలో చదివిన మాటలు కాళ్ళొచ్చి నడవసాగాయి. హజ్జాన్ తాగుతాడట. తాగి ఏడుస్తాడట. ఆడవాళ్ళ వంటిళ్ళలోకి పోతాడట. సంఘం మినిట్స్‌లో ఉందంటే అబద్ధమవుతుందా? పిల్లల్ని హీబ్రూకి పంపడం మానేశారు. నోరు పడిపోదూ అన్న ఫ్రాడెల్ నోరు పడిపోలేదు, ఇంకా బాగా లేచింది. “నా పొయ్యిలో చెయ్యి పెట్టినప్పుడే నాకు అనుమానం తగిలింది సుమా. కోడికి చచ్చిపోయినట్టు కూడా తెలీకుండా చంపుతాడంటే ఎంత గుండెలు తీసిన బంటో చూడండి!” అంది. నెల కిందట తనేమందో ఆవిడకి గుర్తు లేదు. గుర్తు చేసినవాళ్ళూ లేరు.

ఆఖరి పడవ వెళ్ళే పొద్దున రేవులో లెమెల్‌తో అన్షెల్ ఒక్కడే ఉన్నాడు. కొట్ల గుమ్మాల్లోంచి జనం చూస్తున్నారు తప్ప ఎవరూ దిగి రాలేదు.

“వెళ్ళొస్తానని చెబుదామని ఫ్రాడెల్ గారింటికి వెళ్ళానండీ,” అన్నాడు లెమెల్. “లోపలే ఉన్నారు, తలుపు తియ్యలేదు. నావల్ల ఏమైనా తప్పు జరిగిందా అన్షెల్ గారూ?”

“మీ తప్పేం లేదు లెమెల్ గారూ.”

“లేదనే కదండీ ఇంత గొడవ” అని లెమెల్ నవ్వబోయాడు. నవ్వు సరిగ్గా రాలేదు. అన్షెల్ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, “మీ మేలు మర్చిపోనండీ” అన్నాడు.

మేలు! ఆ మాటకి అన్షెల్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ ఊరికి ఆ మనిషి చేసిన మంచి పనులన్నీ ఏరి, ఒక్కొక్కదాన్నీ తిరగేసి, అందరి ముందూ చదివించి, ఒక మంచి పేరుని తన చక్కటి దస్తూరీతో పూడ్చిపెట్టాడు. దానికి దక్కింది ఈ కృతజ్ఞత. పడవ మలుపు తిరిగేదాకా చలిలో నిలబడి, ఆనక కొట్టు తెరవడానికి పోయాడు.

చలికాలమంతా నది మూసుకునే ఉంది. మంచు కరిగి వచ్చిన మొదటి పడవలో మెల్బీ నుంచి ఉత్తరమొచ్చింది. సైమన్ ట్రౌబ్ గారు ఈసారి బిరుదులేవీ పెట్టకుండా మామూలు మాటల్లో రాశాడు: “లెమెల్ గారు చాలా మంచి మనిషి. మా పిల్లలు ఆయన వెంటే తిరుగుతున్నారు. మా సినగాగ్ మళ్ళీ నిండుతోంది. ఆయనకి మగపిల్లవాడు పుట్టాడు. తల్లీ బిడ్డా కులాసా. ఇలాంటి మనిషిని ఇచ్చినందుకు మీకు రుణపడి ఉంటాం.”

అన్షెల్ సభలో చదవడం ముగించి కళ్ళు తుడుచుకున్నాడు. తలెత్తి చూస్తే ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

“చూశారా?” అన్నాడు ఓటెన్‌హోఫ్ గంభీరంగా. “ఆరునెలలైనా కాలేదు, అప్పుడే పొగడ్తలకు దిగినారు.”

“పాపం, ఎంత విసిగిపోయారో!” అన్నాడు ఫైవెల్.

“మళ్ళీ మనకే అంటగట్టే ఎత్తు. తప్పు ఒక్కటైనను చూపలేదు, గమనించితిరా? పరిషత్తు తీర్మానమును ఉల్లంఘించినారు. సదరు లెమెల్ గారిని ఏ పరిస్థితిలోను తిరిగి స్వీకరింపరాదని ప్రతిపాదిస్తున్నాను. కార్యదర్శి గారూ, వ్రాయండి.”

అన్షెల్ పెన్ను కింద పెట్టి లేచాడు. కార్యదర్శి లేచి మాట్లాడటం ఆ సంఘంలో ఆనవాయితీ కాదు.

“నేను రాయనండీ. ఆయన మంచివాడు. ఆ ఉత్తరంలో ఉన్నదంతా నిజం. మీ అందరికీ తెలుసు. మన తలుపులు తట్టింది మన తండ్రుల కోసం. మన పొయ్యిలు రాజేసింది మన చలికి. లెమెల్ కోష్మిన్ అంత మంచి మనిషిని నేను నా జన్మలో చూడలేదు.”

ఒక్క క్షణం అన్షెల్‌కి తన మాట నాటుకుందనే అనిపించింది. ఓటెన్‌హోఫ్ ఫైవెల్ వైపు చూశాడు, ఫైవెల్ ఓటెన్‌హోఫ్ వైపు చూశాడు.

“అయ్యో,” అన్నాడు ఫైవెల్ మెల్లిగా. “మన కార్యదర్శి గారే ఇంత మాటన్నారంటే, ఎంత చెడిపోయి ఉంటాడో!”

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అన్షెల్ రాయనన్నాడు గనక అధ్యక్షుల వారే స్వయంగా రాసుకున్నారు. పోతూ పోతూ ఓటెన్‌హోఫ్ గారు అన్షెల్ భుజం తట్టి, “మీవంటి సమర్థుడైన కార్యదర్శి ఈ నదీలోయలోనే లేడండీ” అన్నాడు. దారి పొడుగునా ఆ మాట అన్షెల్‌ని వెంటాడింది. ఆ వేసవికల్లా తన పదవి ఇంకెవరికో ఇచ్చేస్తారని ఇంటి మలుపు తిరిగేలోగా అతనికి అర్థమైపోయింది.

ఇంట్లో గిటెల్ వేడివేడి సూపు ముందు పెట్టింది. భార్యకి జరిగిందంతా చెప్పాడు. లేచి నిలబడ్డ సంగతీ, అన్న మాటలూ, ఎవరూ నమ్మకపోవడమూ. ఆవిడ ఎదురుగా కూర్చుని, గరిట ఒళ్ళో పెట్టుకుని, మధ్యలో అడ్డం రాకుండా వింది. విన్నాక ఆవిడ కళ్ళు చెమర్చాయి.

“పోనీండి. వాళ్ళేమన్నా అననీండి. మీరు మంచివారండీ” అంది.

అన్షెల్ చేతిలో చెంచా ఆగిపోయింది. భార్య మొహంలోకి పరీక్షగా చూశాడు. తలుపు దగ్గర పెట్టె ఏమైనా సర్ది ఉందేమోనని అటు చూశాడు. మళ్ళీ ఆవిడ వైపు చూశాడు.

“ఎక్కడికి?” అన్నాడు.

“ఎక్కడికేమిటండీ?”

“నిజం చెప్పు గిటెల్,” అన్నాడు అన్షెల్. “నన్నెక్కడికి పంపించేస్తున్నావు?”